మర్యాద అంటే ఏమిటో ముందే చెప్పాలి

ఈ రోజు ఒక ఆట గురించి చెబుతాను. ఆ ఆట పేరు వాడుకోవడానికి రాసిన ఒక ఒప్పందం గురించి, ఆ ఒప్పందంలో ఉన్న ఒక చిన్న షరతు గురించి చెబుతాను. ఆట అమెరికాది. షరతు మాత్రం మనకు కొత్తది కాదు. 'మర్యాదకు భంగం కలిగించేది ఏదీ ఉండరాదు' అన్నదే ఆ షరతు. జాతరలో నాటకం ఆడాలన్నా, ఊళ్లో రికార్డింగ్ డాన్సు పెట్టాలన్నా, సినిమాకు సర్టిఫికెట్ కావాలన్నా ఈ మాట మన చెవిన పడుతూనే ఉంటుంది. వింటే తప్పు పట్టేందుకు ఏమీ కనిపించదు. మర్యాద వద్దని ఎవరంటారు? చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. మర్యాద అంటే ఏమిటో ఎవరు చెప్పాలి? ఎప్పుడు చెప్పాలి? నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మర్యాద షరతు పెట్టవచ్చు. పెట్టేవాళ్లు దాని అర్థమేమిటో ముందే చెప్పాలి. పని మొదలుకాక ముందే చెప్పాలి, అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆ అర్థాన్ని గుప్పిట్లో దాచుకుని, అవసరమైనప్పుడు విప్పి చూపిస్తామంటే దాన్ని పెత్తనం అనే అనాలి.

ముందు ఆట సంగతి. దాని పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు దీన్ని తయారు చేశారు. ఆదోని, ఎమ్మిగనూరుల నుంచి బెంగుళూరు, హైదరాబాదు వెళ్లి చదువుకుంటున్న పిల్లల్లో కొందరికి ఇది తెలిసే ఉంటుంది. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు యోధుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. కథ చెప్పేవాళ్లు అంటారు: 'చీకటి గుహ ముందు నిలబడ్డారు. లోపల ఏదో కదిలింది. ఇప్పుడేం చేస్తారు?' యోధుడి పాత్ర తీసుకున్నవాళ్లు కత్తి దూస్తానంటారు. అప్పుడు పాచిక వేస్తారు. మామూలు పాచిక లాంటిది కాదది, ఇరవై ముఖాలుంటాయి. పెద్ద అంకె పడితే దెబ్బ తగిలినట్టు. చిన్న అంకె పడితే గురి తప్పినట్టు. అంతే. వేషం లేదు, వేదిక లేదు, ప్రేక్షకులు లేరు. ఆడేవాళ్లే చూసేవాళ్లు. ఇలాంటి ఆటకు కొత్త కథలు కావాలి, కొత్త రాక్షసులు కావాలి, కొత్త ఊళ్లు కావాలి. అందుకే వీటిని పుస్తకాలుగా రాసి అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. 2000 సంవత్సరంలో ఈ ఆట హక్కులు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ చేతిలో ఉన్నాయి. ఆ కంపెనీ యజమాని హాస్‌బ్రో అనే పెద్ద బొమ్మల కంపెనీ. ఆ ఏడాది వాళ్లు రెండు కాగితాలు బయటపెట్టారు. మొదటిది ఓపెన్ గేమ్ లైసెన్సు. మా ఆట నియమాలు తీసుకుని ఎవరైనా పుస్తకం రాసుకోవచ్చని దాని సారం. రెండోది ముద్రకు సంబంధించిన లైసెన్సు. డీ ట్వెంటీ అని ఒక గుర్తు ఉంది. ఆ గుర్తును పుస్తకం అట్ట మీద వేసుకోవడానికి ఇచ్చే అనుమతి అది. నియమాలకు ఒక కాగితం, ముద్రకు ఇంకో కాగితం. ఈ తేడాను కాస్త గుర్తుంచుకోండి. కథంతా దీని మీదే నడుస్తుంది.

2003లో వాలార్ ప్రాజెక్ట్ అనే చిన్న ప్రచురణ సంస్థ ఒక ప్రకటన చేసింది. ఈ ఆటలో శృంగారం గురించి పెద్దల కోసం ఒక పుస్తకం వేస్తామంది. ఆ సంస్థ నడిపినాయన అంతకు ముందు విజర్డ్స్ కంపెనీలో ఇదే ఆట వ్యవహారాలు చూసినవాడు. ప్రకటన రాగానే గగ్గోలు మొదలైంది. పిల్లలు కూడా ఆడే ఆట మీద ఇలాంటి పుస్తకమా అని కొందరన్నారు. పెద్దలు చదువుకుంటే మీకేమిటి అని కొందరన్నారు. విజర్డ్స్ కంపెనీ ఏం చేసింది? ముద్ర లైసెన్సును మార్చింది. నాణ్యతా ప్రమాణాలు అని కొత్త భాగం చేర్చింది. ముద్ర వేసుకునే పుస్తకం సమాజపు మర్యాదా ప్రమాణాలకు లోబడి ఉండాలంది. హింసను, నెత్తుటిని ఎంతవరకు చూపవచ్చో, శృంగారాన్ని ఎంతవరకు రాయవచ్చో, ఒక జాతిని, ఒక మతాన్ని కించపరచడం కుదరదని కొంత వివరంగానే రాసింది. వాలార్ వాళ్లు ముద్ర వదులుకున్నారు. అట్ట మీద ఆ గుర్తు లేకుండా, మొదటి కాగితం ఇచ్చిన అనుమతితోనే పుస్తకం వేసి అమ్ముకున్నారు.

ఇక్కడ కంపెనీని మెచ్చుకోవలసిన సంగతి ఒకటి, తప్పు పట్టవలసిన సంగతి ఒకటి ఉన్నాయి. మెచ్చుకోవలసింది ఫలితం. కంపెనీ తన పేరును కాపాడుకుంది. పుస్తకం ప్రాణం మాత్రం తీయలేదు. మా ముద్ర వేయొద్దంది, అంతవరకే ఆగింది. తన పేరు ఎక్కడ కనబడాలో చెప్పుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. తప్పు పట్టవలసింది వేళ. పుస్తకం ప్రకటించాక నియమం మారింది. ఒక్క పుస్తకాన్ని చూసి రాసిన నియమం, అప్పటికే ఆ ముద్రను నమ్ముకున్న ప్రచురణకర్తలందరికీ వర్తించింది. ముందే చెప్పాలని నేను అంటున్నది ఇందుకే. నియమం మంచిదే కావచ్చు. పని సగంలో ఉండగా వస్తే మంచి నియమం కూడా దెబ్బలాగే తగులుతుంది.

సమాజపు మర్యాదా ప్రమాణాలు అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఏ సమాజం? ఏ కాలపు సమాజం? ఈ ఆట చరిత్రలోనే దీనికి జవాబు దొరుకుతుంది. 1980లలో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు, మత సంస్థలవాళ్లు ఈ ఆట పిల్లలను సైతాను పూజకు లాగుతోందని ఉద్యమం చేశారు. ఆ ఒత్తిడి తర్వాత 1989లో ఆట రెండో కూర్పు వచ్చింది. అందులో దయ్యాలు, పిశాచాలు అన్న మాటలే తీసేశారు. ఆ జీవాలకు నోరు తిరగని కొత్త పేర్లు కల్పించారు. పదకొండేళ్లు గడిచాయి. 2000లో మూడో కూర్పు వచ్చేసరికి దయ్యాలు, పిశాచాలు తమ పాత పేర్లతో తిరిగి వచ్చేశాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అదే దేశం, అదే ఆట, పదకొండేళ్ల తేడా. గీత ఎంత దూరం జరిగిందో చూడండి.

కాలం మారితే గీత జరుగుతుంది. ఊరు మారినా జరుగుతుంది. దానికి మనం దూరం పోనక్కర్లేదు. ఆదోని మండలంలోనే సంతేకుడ్లూరు ఉంది. హోలీ వచ్చిందంటే ఆ ఊళ్లో మగవాళ్లు చీరలు కట్టుకుంటారు. తలలో పూలు, చేతులకు గాజులు, మెడలో నగలు, నుదుట బొట్టు. నైవేద్యం పళ్లెం చేత పట్టుకుని రతీమన్మథుల గుడికి నడిచి వెళతారు. పెళ్లి కావాలనో, పంట పండాలనో, జబ్బు నయం కావాలనో మొక్కుకున్నవాళ్లు ఆ మొక్కు తీర్చుకునే తీరు అది. చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కూడా ఆ రోజుకు ఊరికి వచ్చి చీర కడతారు. ఇంట్లో ఆడవాళ్లే దగ్గరుండి కుచ్చిళ్లు సర్దుతారు. ఇందులో సిగ్గుపడేది ఆ ఊరివాళ్లకు ఏమీ కనపడదు, భక్తే కనపడుతుంది. ఈ సంగతి తెలియని ఒక అధికారి, దూరాన ఎక్కడో కూర్చుని, ఫోటో ఒక్కటి చూసి సమాజపు మర్యాద ప్రకారం తీర్పు చెప్పాలంటే ఏమంటాడు? ఆస్పరి మండలం కైరుప్పల సంగతీ అంతే. ఉగాది మరునాడు ఊరు ఊరంతా రెండు వైపులుగా చీలుతుంది. ఒక వైపు వీరభద్రస్వామి పక్షం, ఇంకో వైపు కాళికాదేవి పక్షం. వాళ్లిద్దరి ప్రేమ తగాదాను తలచుకుంటూ పిడకలతో కొట్టుకుంటారు. దుమ్ము లేస్తుంది, దెబ్బలు తగులుతాయి. తర్వాత దేవుడికి, అమ్మవారికి పెళ్లి చేస్తారు. అమెరికా కంపెనీ హింస గురించి రాసుకున్న నియమం ముందు కైరుప్పల కథను పుస్తకంగా రాసి పెడితే ఒప్పుకుంటారా? చెప్పలేం. చెప్పలేకపోవడమే ఇక్కడ అసలు సమస్య.

చట్టం కూడా ఈ చిక్కును చూసింది. మన రాజ్యాంగం 19వ అధికరణం భావ ప్రకటన స్వేచ్ఛ ఇస్తూనే, మర్యాద, నైతికతల పేరిట సమంజసమైన పరిమితులు పెట్టవచ్చని చెప్పింది. అమెరికా సుప్రీంకోర్టు 1973లో మిల్లర్ కేసులో, అశ్లీలమో కాదో తేల్చడానికి సమకాలీన సమాజ ప్రమాణాలను చూడాలంది. మన సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో దాదాపు అదే దారి పట్టింది. అంతకు ముందు ఇంగ్లండు నుంచి అరువు తెచ్చుకున్న పాత కొలమానం ఒకటి ఉండేది. ఎంత బలహీనమైన మనసున్నవాడు చదివినా చెడిపోకూడదు అన్నట్టుండేది అది. దాన్ని పక్కన పెట్టి, రచన మొత్తాన్ని, సందర్భాన్ని, ఈ కాలపు మామూలు మనిషిని దృష్టిలో పెట్టుకోవాలంది కోర్టు. మేలైన మార్పే. అయితే ఇక్కడ ఒకటి గమనించాలి. సమాజ ప్రమాణం అని కోర్టు అన్నప్పుడు దాని వెనక వాదనలు ఉంటాయి, కారణాలు రాసిన తీర్పు ఉంటుంది, అప్పీలు ఉంటుంది. అదే మాట ఒక కంపెనీ ఒప్పందంలోకి వస్తే వీటికి హామీ ఉండదు. మాట ఒకటే కావచ్చు. దాని చుట్టూ ఉన్న రక్షణలు మాత్రం సడలిపోతాయి.

ఆ రక్షణలు పూర్తిగా ఊడిపోతే ఎలా ఉంటుందో 2023 జనవరిలో తెలిసింది. అదే విజర్డ్స్ కంపెనీ ఇరవై ఏళ్లు దాటిన ఓపెన్ గేమ్ లైసెన్సును రద్దు చేసి కొత్తది తేవాలనుకుంది. ముసాయిదా ముందే బయటికి పొక్కింది. తర్వాత కంపెనీయే ఇంకో ముసాయిదా విడుదల చేసింది. ద్వేషపూరితమైనది, అశ్లీలమైనది, వేధించేది ఏదీ రాయకూడదని అందులో షరతు. ఇంతవరకు సరే. ఆ పక్క వాక్యం వినండి. ఏది ద్వేషపూరితమో తేల్చే హక్కు పూర్తిగా మాదే, ఆ నిర్ణయాన్ని మీరు కోర్టులో సవాలు చేయకూడదు అని దాని అర్థం. నిర్ణయించేదీ వాళ్లే, ప్రశ్నించకూడదన్నదీ వాళ్లే. పైగా ఈసారి ముద్ర ఒక్కటే కాదు. రాసుకునే హక్కే ఆ షరతుకు ముడిపడింది. 2003లో ముద్ర పోయినా పుస్తకం బతికింది. 2023 ముసాయిదా నిలిచి ఉంటే పుస్తకమే పోయేది. ప్రపంచమంతటా ఆటగాళ్లు, చిన్న ప్రచురణకర్తలు ఎదురు తిరిగారు. కంపెనీ అభిప్రాయాలు అడిగితే వేలమంది రాశారు, ఎక్కువమంది వద్దనే రాశారు. జనవరి 27న కంపెనీ వెనక్కి తగ్గింది. పాత లైసెన్సును ముట్టుకోబోమంది. ఆట మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ అనే ఉమ్మడి లైసెన్సు కింద పెట్టేసింది. అది ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేని లైసెన్సు. అందులో మర్యాద షరతు లేనే లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. బల్ల మీది ఆటకు మన దగ్గర ఇలాంటి తగువు రాలేదు. నాటకానికి వచ్చింది. చింతామణి తెలియని తెలుగువాళ్లు తక్కువ. కాళ్లకూరి నారాయణరావు గారు రాసి వందేళ్లయిన నాటకం. వేశ్యాలోలత్వం ఇళ్లను ఎలా కూలుస్తుందో చెప్పడానికి సంస్కరణ దృష్టితో రాశారాయన. వరకట్నం మీద వరవిక్రయం రాసినది కూడా ఆయనే. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి ప్రదర్శనను నిషేధించింది. ఆర్యవైశ్య సంఘాల వినతి దానికి కారణం. సుబ్బిశెట్టి పాత్రను అడ్డం పెట్టుకుని తమ కులాన్ని వేదిక మీద ఎగతాళి చేస్తున్నారని వాళ్ల బాధ. ఆ బాధ నిజమైనదే. పత్తి వ్యాపారం మీద నడిచే ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఎన్నో వైశ్య కుటుంబాలున్నాయి. కులం పేరు పెట్టి వందల మంది ముందు నవ్విస్తుంటే ఏ ఇంటి పిల్లవాడికైనా గుండెలో ముల్లు దిగుతుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. నేను ప్రశ్నించేది పరిష్కారాన్ని. సుబ్బిశెట్టి నోట రాత్రి తెల్లవార్లూ వినిపించే ముతక మాటల్లో ఎన్నో, నాటక సమాజాలు కాలక్రమంలో చేర్చుకున్నవి. ఈలలు పడిన చోటల్లా ఇంకో మాట చేరింది. కాబట్టి ఇక్కడ విడివిడిగా చూడాల్సినవి మూడు. రచయిత రాసిన ప్రతి. ఒక సమాజం ఆడిన ప్రదర్శన. ఆ ప్రదర్శనలో కలిసిన అదనపు మాటలు. నిషేధం ఈ మూడింటినీ ఒక్క వేటుతో కొట్టింది. పుస్తకం మీద నిషేధం లేనప్పుడు ప్రదర్శన మీద ఎలా పెడతారన్న ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లింది. ముతక మాటలు వాడినవాళ్లకూ, ప్రతిలో ఉన్నది ఉన్నట్టు ఆడినవాళ్లకూ ఒకే శిక్ష. ఆ నాటకం మీద బతికే హార్మోనిస్టుకూ, మేకప్ వేసే మనిషికీ అదే శిక్ష. ఏ మాట తప్పో వాళ్లకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

దీనికి కొన్ని అభ్యంతరాలు వస్తాయి. వాటిని దాటవేయకూడదు. మొదటిది బలమైనది. షరతు లేకపోతే ద్వేషం రాసేవాళ్లు రెచ్చిపోరా అంటారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2022లోనే ఇలాంటి వ్యవహారం ఒకటి నడిచింది. ఒక పాత ఆట పేరు పెట్టుకుని వేరే సంస్థ కొత్త ఆట తయారు చేయబోయింది. అందులో జాతివివక్ష రాతలున్నాయని విజర్డ్స్ కంపెనీ కోర్టుకెక్కింది. అయితే కంపెనీ ఏ ఆధారంతో వెళ్లిందో గమనించండి. ట్రేడ్‌మార్కు చట్టంతో వెళ్లింది. మా పేరు, మా గుర్తు వాడుతున్నారు, మాకు చెడ్డపేరు వస్తుంది అని వెళ్లింది. అంటే పేరును కాపాడుకోవడానికి దారి ముందే ఉంది. అందుకోసం అందరి కలాల మీద ప్రశ్నకు అందని అధికారం అక్కర్లేదు.

రెండో అభ్యంతరం పిల్లల గురించి. పిల్లల చేతికి ఏది అందాలో చూడవలసిందే. దానికి వయసు చెప్పే గుర్తులున్నాయి. మన సినిమా చట్టాన్నే 2023లో సవరించారు. పెద్దల తోడుతో చూడాల్సిన సినిమాలను ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని విడదీశారు. ఆట పుస్తకం అట్ట మీదా, నాటకం టికెట్టు మీదా అలాంటి అంకె వేయడం పెద్ద పనేమీ కాదు. అంకె చూసి తల్లిదండ్రులు నిర్ణయించుకుంటారు.

ఇంకొందరు అంటారు: నిజంగా ప్రమాదం ఉన్న చోట కూడా ఇలా తీరిగ్గా కూర్చుని మాటలు వెతకాలా? అక్కర్లేదు. విజయదశమి రాత్రి దేవరగట్టులో కర్రల సమరం జరుగుతుంది. మాళమల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లు పోటీపడతాయి. ఏటా తలలు పగులుతాయి. అక్కడ పోలీసులు అడ్డుపడితే, మద్యం ఆపితే, వైద్య శిబిరాలు పెడితే నేను వాళ్ల పక్షమే. ఎందుకంటే అక్కడ కారేది నిజమైన నెత్తురు. బల్ల మీద పాచిక వేసి రాక్షసుడి తల నరికితే ఎవరికీ కుట్లు పడవు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే మనం కట్టడి చేయవలసిన దగ్గర మెత్తబడి, వదిలేయవలసిన దగ్గర గట్టిపడుతున్నాం.

ఇక చివరి అభ్యంతరం. మర్యాదను మాటల్లో పెట్టడం అసాధ్యం, చూస్తే తెలుస్తుంది అంటారు. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతును తలచుకోండి. సరుకు బాగాలేదు అన్నంత మాత్రాన ఆయన ఊరుకుంటాడా? తేమ ఎంత ఉందో చూపించమంటాడు. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ పూర్తి ధర ఇవ్వాలంటే తేమ ఎనిమిది శాతం మించకూడదు, పన్నెండు దాకా ధర తగ్గించి కొంటారు, అది దాటితే కొనరు. ఈ సంగతి ఆయనకు ఇంటి దగ్గర బండికెత్తే ముందే తెలుసు. కాబట్టి ఇంకో రెండు రోజులు ఆరబెట్టి తెస్తాడు. మర్యాదను తేమలాగా మిషను పెట్టి కొలవలేమన్నది నిజమే. ఉదాహరణలైతే రాయగలం కదా. ఈ రకం మాట కుదరదు, ఈ సందర్భంలో కుదురుతుంది అని ముందే చెప్పగలం. తిరస్కరించినప్పుడు ఏ పేజీ, ఏ మాట, ఎందుకు అని కాగితం మీద పెట్టగలం. సరిదిద్దుకోవడానికి గడువివ్వగలం. కాదన్నది ఒకరైతే, అప్పీలు వినేది ఇంకొకరు కావాలి. 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు సినిమాకు ముందస్తు సెన్సారును సమర్థించింది. సమర్థిస్తూనే మార్గదర్శకాలు స్పష్టంగా ఉండాలంది, కళకు, అశ్లీలానికి తేడా తెలిసేలా ఉండాలంది. సెన్సారు ఉండాలన్న కోర్టే ఆ మాట అంది.

కాబట్టి చింతామణి విషయంలో చేయదగ్గ పని చేతికి అందేంత దూరంలోనే ఉంది. కాళ్లకూరి వారి ప్రతి అచ్చులో దొరుకుతుంది. నాటక సమాజాలవాళ్లను, ఆర్యవైశ్య పెద్దలను, నాటకం తెలిసిన ఒకరిద్దరు పండితులను కూర్చోబెట్టి సుబ్బిశెట్టి మాటలను వరసగా చదివించవచ్చు. ప్రతిలో ఉన్నదేదో, తర్వాత చేరిందేదో గుర్తు పెట్టవచ్చు. ప్రతిలోనే నొప్పించే మాట ఉంటే, ఏ మాటో చెప్పి, దాన్ని వదిలి ఆడమని కోరవచ్చు. ఆ కాగితం నాటక సమాజాల చేతికిచ్చి, దాన్ని మీరినవాళ్ల మీదే చర్య తీసుకోవచ్చు. అప్పుడు ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరకు ఏ సమాజం వచ్చినా, పరదా లేవక ముందే వాళ్లకు తెలిసి ఉంటుంది, ఏది అనవచ్చో, ఏది అనకూడదో.